పాత మియాటాలో కొత్త స్క్రీన్: కంపెనీ వైరు ఒక్కటీ కోయకుండా

నాది 2002 మాజ్దా మియాటా. రెండు సీట్లు, గుడ్డ టాప్, మాన్యువల్ గేర్లు. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సరుకులకీ, పిల్లల బడికీ, గుడికీ టొయోటా సియెన్నా వ్యాన్ ఉంది కాబట్టి మియాటా జోలికి ఇంట్లో ఎవరూ రారు. దాని రేడియో సీడీలు మింగుతుంది, అంతకుమించి ఏమీ రాదు. మ్యాప్ కావాలంటే ఫోన్‌ని అద్దానికి అతికించాలి. టెక్సాస్ జులై ఎండలో టాప్ తీసి నడిపితే పావుగంటలో ఫోన్ వేడెక్కి, చల్లారేదాకా పనిచేయనని మొరాయిస్తుంది. అందుకే ఐఫోన్ మ్యాపునీ పాటల్నీ కారు తెర మీద చూపించే కార్‌ప్లే స్క్రీన్ పెట్టించాలనుకున్నాను. చివరికి గ్యారేజీలో నేనే పెట్టాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్కటే నియమం పెట్టుకోండి: కారుతో వచ్చిన వైరు ఒక్కటి కూడా కోయకూడదు. నేను ఈ కారు కొనకముందు చూసిన మియాటాల్లో ఒకదాని రేడియో బయటికి లాగితే, వెనక కంపెనీ కనెక్టరే లేదు. ఎవరో దాన్ని కత్తిరించి పారేసి, వైర్లు మెలేసి టేపు చుట్టారు. ఏది ఏ స్పీకరుదో అమ్మే ఆయనకీ తెలీదు. మిగతా కారంతా ముత్యంలా ఉంది, అయినా వదిలేసి వచ్చాను. పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు డాష్‌బోర్డు వెనక ఏముందో తప్పకుండా చూస్తారు. మీరూ ఏదో ఒకరోజు అమ్ముతారు.

ముందు సైజు సంగతి. రేడియో పట్టే సందుకు జర్మన్ ప్రమాణాల సంస్థ (డిన్) పెట్టిన కొలతనే ప్రపంచమంతా వాడుతోంది. సింగిల్ డిన్ అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, ఎత్తు రెట్టింపు. మియాటాలో అదృష్టవశాత్తూ డబుల్ డిన్ చోటుంది. కొన్నింటిలో సగం రేడియో, మిగతా సగం ఏదో చిల్లర వేసుకునే జేబు ఉంటుంది. ఆ జేబు తీసేస్తే ఏడంగుళాల లోపు స్క్రీన్ ఏదైనా పడుతుంది. హోండా ఎస్2000 వాళ్లకి ఈ సుఖం లేదు. వాళ్లది మూత వెనక దాక్కున్న సింగిల్ డిన్. సందులో ఇమడకుండా దాని ముందు నిలబడే తొమ్మిదంగుళాల తేలే స్క్రీన్ బిగిస్తే ఆ మూత ఇక మూసుకోదు, ఆ కారు అందమంతా ఆ మూతలోనే ఉంది.

తేలే స్క్రీన్లంటే నాకు మొదటినుంచీ పడదు. మియాటా డాష్‌బోర్డే చిన్నది. పది అంగుళాల పలక దాని ముందుకు పొడుచుకొస్తే ఏసీ గాలి వచ్చే చోటుకి అడ్డం, గేరు మార్చే చేతికి అడ్డం. పైగా 2002 కారులో అది అద్దెకు వచ్చినట్టు కనిపిస్తుంది. సందులో కూర్చుని, చుట్టూ నల్లటి అంచుతో సరిపోయేదే తీసుకోండి.

కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది వెలుతురు. టాప్ తీసిన కారులో ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. షోరూంలో ధగధగలాడినది మధ్యాహ్నం ఒంటిగంటకి నల్లటి అద్దంలా మారి మీ ముఖాన్నే మీకు చూపిస్తుంది. వీలైతే నిగనిగలాడే అద్దం కాకుండా మ్యాట్ పొర ఉన్నది చూడండి, లేదా మ్యాట్ ఫిల్ము కొని అతికించండి. షాపులో ఉంటే దాన్ని ట్యూబ్‌లైటు కింద కాదు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూపించమని అడగండి. మొహమాటపడొద్దు.

రెండోది, వాల్యూమ్‌కి నిజమైన నాబ్, కనీసం నిజమైన బటన్లు. ఈ తరం మియాటా చాలావాటిలో స్టీరింగ్ మీద ఆడియో బటన్లు లేవు. హైవే మీద డెబ్బై మైళ్ల వేగంలో టాప్ తీసి ఉంటే పాట వినిపించదు. సిగ్నల్ దగ్గర ఆగగానే అదే పాట చుట్టుపక్కల కార్లన్నిటికీ వినిపిస్తుంది. నిమిషానికోసారి సౌండు పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, దానికి స్క్రీన్ మీద గీత వెతుక్కోవడం కుదరదు. సోనీ ఎక్స్‌ఏవీ-ఏఎక్స్100 పాత మోడలే, తెర కూడా చిన్నదే. కానీ దానికి గుండ్రంగా తిరిగే నాబ్ ఉంది. ఇప్పటికీ మియాటా వాళ్లు దాన్ని వెతుక్కుని కొంటున్నారంటే కారణం అదే.

మూడోది లోతు. డీవీడీ తిప్పే యంత్రం లేని స్క్రీన్లు వెనక పొట్టిగా ఉంటాయి. డాష్‌బోర్డు వెనక ఇనుప కడ్డీలు, గాలి గొట్టాలు ఉంటాయి కాబట్టి పొట్టిది తీసుకుంటే వైర్ల గుత్తికి చోటు మిగులుతుంది. డిస్కు ఎవరు పెడతారు ఈ రోజుల్లో?

స్క్రీన్‌తోపాటు కొనాల్సినవి రెండే: స్క్రీన్‌ని సందులో బిగించే చట్రం, అంటే డాష్ కిట్, ఇంకా వైరింగ్ హార్నెస్ అడాప్టర్. రెండోదే మన నియమాన్ని కాపాడేది. దీని ఒక వైపు మాజ్దా కనెక్టరులోకి టక్కున దిగుతుంది, రెండో వైపు వైర్లు వదులుగా ఉంటాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో కప్లర్ అంటారే, అదే. అమెరికాలో ఇరవై డాలర్ల లోపు దొరుకుతుంది. కారు ఏడాది సరిగ్గా చెప్పి కొనండి, ఎందుకంటే మియాటా 2001లో మారింది, అంతకుముందు వాటికి వేరే హార్నెస్. బోస్ స్పీకర్లున్న కారైతే ఆ మాట కూడా చెప్పండి, యాంప్లిఫయర్ వ్యవహారం వేరుగా ఉంటుంది. క్రచ్‌ఫీల్డ్ లాంటి ఆన్‌లైన్ ఆడియో షాపులో కారు వివరాలిస్తే ఏవి సరిపోతాయో వాళ్లే చూపిస్తారు.

మీది 987 తరం బాక్‌స్టర్, 997 తరం 911 లాంటి పోర్షే అయితే ఇంత తేలిక కాదు. ఫ్యాక్టరీ యాంప్లిఫయర్ ఉన్న కార్లలో సౌండు రాగి వైర్లలో కాకుండా మోస్ట్ అనే ఫైబర్ వలయంలో వెలుగుగా ప్రయాణిస్తుంది. రేడియో పీకితే ఆ వలయం తెగిపోతుంది. దానికి ప్రత్యేకమైన అడాప్టర్ కావాలి, ఖర్చు ఒక్కోసారి స్క్రీన్ ధరని దాటుతుంది. ఇంకా ముందు తరం 986, 996 వాళ్లకి మాత్రం పోర్షే కంపెనీయే 2020లో పీసీసీఎమ్ ప్లస్ అని ఒక స్క్రీన్ తెచ్చింది. పాత డాష్‌బోర్డుకి నప్పేలా చేశారు. ధర మాత్రం పోర్షే ధరే.

మళ్లీ మియాటాకి వద్దాం. సగం పని డైనింగ్ టేబుల్ మీదే అయిపోతుంది. స్క్రీన్‌తో వచ్చిన వైర్లనీ హార్నెస్ వైర్లనీ రంగుకి రంగు కలపాలి. పసుపు ఎప్పుడూ కరెంటుండేది. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వీటిలో నల్ల చారతో వచ్చినది అదే స్పీకరు నెగెటివ్. వెనక స్పీకర్లు లేకపోతే ఆ నాలుగు వైర్ల కొసలకి విడివిడిగా హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) తొడిగి పక్కన పెట్టండి. నారింజ రంగు వైరు లైట్లది. అది కలిపితే హెడ్‌లైట్లు వేసినప్పుడు స్క్రీన్ తనంతట తానే మసకబారుతుంది. రాత్రి చిన్న కారులో ఇది ఎంత అవసరమో ఒకసారి చూస్తే తెలుస్తుంది.

కలపడమంటే మెలేసి టేపు చుట్టడం కాదు. నొక్కి బిగించే క్రింప్ కనెక్టర్లు వాడండి, లేదా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. మామూలు టేపు డాలస్ ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. ప్రతి జాయింటునీ ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఊడేదేదో టేబుల్ మీదే ఊడిపోనివ్వండి.

ఇప్పుడు కారు దగ్గరికి. బ్యాటరీ కోసం బానెట్ ఎత్తి వెతక్కండి, మియాటాలో అది డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. పది నంబరు పానాతో నెగెటివ్ తీసి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. కొన్ని నిమిషాలు ఆగాక లోపల పని మొదలెట్టండి. డాష్‌బోర్డు లోపల పసుపు తొడుగున్న కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, చెయ్యి పెట్టొద్దు. రేడియో పసుపు వైరు వేరు, అవి వేరు.

ఈ తరం మియాటా రేడియో తీయడానికి స్క్రూడ్రైవరుతో పొడవాల్సిన పనిలేదు. రేడియో ముఖం మీద రెండు పక్కలా చిన్న రంధ్రాలుంటాయి, వాటి మీది బిళ్లలు గోటితో తీసేయొచ్చు. అందులోకి యూ ఆకారంలో వంచిన డిన్ తాళాలు రెండు దోపి, టక్కుమనేదాకా నెట్టి, రెండింటినీ బయటివైపు కొంచెం వంచి సమానంగా లాగండి. ఇన్నేళ్లు కదలకుండా కూర్చున్నది కాబట్టి మొదట రానంటుంది. ఒక పక్కే లాగితే ఇరుక్కుంటుంది. బయటికి వచ్చాక వెనక కనెక్టర్లు, యాంటెనా తీగ ఊడదీయండి. కనెక్టరుకి నొక్కే నాలుక ఉంటుంది, దాన్ని నొక్కి ప్లగ్గు పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని కాదు.

కొత్త స్క్రీన్‌ని సందులోకి తోసేముందు బయట వేలాడుతుండగానే అన్నీ తగిలించి, బ్యాటరీ కలిపి, పరీక్ష చేయండి. తాళం తిప్పగానే వెలుగుతుందా? తీస్తే ఆరుతుందా? మళ్లీ వేస్తే మీరు పెట్టిన సెట్టింగులు గుర్తున్నాయా? గుర్తులేకపోతే పసుపు, ఎరుపు తారుమారయ్యాయి. ఎడమ, కుడి స్పీకర్లని బ్యాలెన్సు జరిపి ఒక్కొక్కటిగా వినండి. బాస్ పీలగా ఉంటే ఏదో ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తిరగబడ్డాయని అర్థం. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే మళ్లీ బ్యాటరీ తీసి బిగించడం.

బిగించేటప్పుడు మీ ఓపికకి పరీక్ష పెట్టేది వైర్ల గుత్తి. దాన్ని స్క్రీన్ వెనక కుక్కితే స్క్రీన్ అర అంగుళం బయటికే నిలబడుతుంది. గుత్తిని పక్కకి, గ్లోవ్‌బాక్స్ వెనక ఖాళీలోకి జరపండి. ప్రతి కట్టకీ గుడ్డ టేపు చుట్టండి. అసలే గట్టి సస్పెన్షన్, పాత ప్లాస్టిక్. ఒక్క కనెక్టరు వదులుగా ఉన్నా ప్రతి గుంతకీ టకటకమంటుంది, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచో పట్టుకోవడం నరకం.

మైకు స్టీరింగ్ కాలమ్ మీద పెట్టండి. అద్దం పైన పెడితే టాప్ తీసినప్పుడు అవతలివాళ్లకి గాలి హోరు తప్ప మీ మాట వినిపించదు. అయినా టాప్ తీసి ఫోన్ మాట్లాడటం మర్యాద కాదు, మా అమ్మ ఆ హోరు విని తుపానులో ఉన్నావా అని కంగారుపడుతుంది. జీపీఎస్ యాంటెనా ఉంటే డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద అతికించండి, ప్లాస్టిక్ సిగ్నల్‌ని ఆపదు. యూఎస్‌బీ తీగని రెండు సీట్ల మధ్య డబ్బాలోకి తీసుకెళ్లండి. వైర్‌లెస్ కార్‌ప్లే ఉన్నా నేను తీగే వాడతాను. మూత కింద నీడలో ఫోన్ చల్లగా ఉంటుంది, ఛార్జింగూ అవుతుంది.

లేత ఆకుపచ్చ వైరు హ్యాండ్‌బ్రేక్‌ది. బండి కదులుతుండగా వీడియో ఆడకుండా ఆపేది అదే. చాలామంది దాన్ని నేరుగా ఎర్త్‌కి కలిపి మోసం చేస్తారు. రెండు సీట్ల కారులో సినిమా చూసే మనిషి ఎవరు, నడిపేవాడు తప్ప? బ్రేక్ లీవరు దగ్గర స్విచ్చి వైరుకి ట్యాప్ కనెక్టరుతో సరిగ్గానే కలపండి. అది వైరుని కోయదు కానీ పొరని గుచ్చుతుంది. నా నియమానికి నేనిచ్చిన మినహాయింపు ఇదొక్కటే. వెనక కెమెరా నేను పెట్టలేదు. టాప్ తీస్తే తల తిప్పి చూడొచ్చు.

బ్యాటరీ మళ్లీ కలిపాక ఇంజిన్ ఐడిల్ కాసేపు ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కంప్యూటరు మళ్లీ నేర్చుకుంటుంది. కొంతసేపు నడిపితే సర్దుకుంటుంది. వారాల తరబడి గ్యారేజీలో నిలబడే కారైతే ఇంకో కొలత తప్పనిసరి. తాళం తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగెటివ్‌కీ దాని తీగకీ మధ్య మల్టీమీటరుని ఆంపియర్లలో పెట్టి చూడండి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయొద్దు, లోపలి ఫ్యూజు పోతుంది. కొన్ని నిమిషాలకి అంకె 50 మిల్లీఆంపియర్ల లోపుకి దిగాలి. దిగకపోతే స్క్రీన్ నిద్రపోవడం లేదన్నమాట, ముందుగా ఎరుపు వైరు ఎక్కణ్ణుంచి కరెంటు తీసుకుంటోందో చూడండి.