బాధ వేరు, అక్కర వేరు (ఇంటి దగ్గర క్యాన్సర్ రోగి అవసరాలు కనుక్కోవడం: మూడో పాఠం)

పోయిన పాఠంలో నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడగడం నేర్చుకున్నాం. మీలో కొందరు ఇప్పటికే ఒకటి రెండిళ్లకు వెళ్లి అడిగొచ్చే ఉంటారు. ఏడు అని రాసుకున్నారనుకుందాం. ఆ ఏడుతో ఏం చేస్తారు? బాధ ఎంతుందో అంకె చెప్తుంది. ఆ మనిషికి ఏం అందితే కాస్త తెరిపి పడతాడో చెప్పదు. ఈసారి పని అదే.

క్యాన్సర్ ఉన్నవాళ్ల తీరని అవసరాలు కొలవడానికి ఆస్ట్రేలియాలో తయారైన ప్రశ్నావళి ఒకటి చాలా దేశాల్లో వాడుతున్నారు. దాని పొట్టి రూపంలో 34 ప్రశ్నలు. ఒంటి బాధలూ రోజువారీ పనులూ, మనసు, తెలియాల్సిన సమాచారం, చూసుకునేవాళ్ల తీరు, ఆలుమగల సంబంధం, ఇట్లా ఐదు వైపుల నుంచి అడుగుతుంది. మంచం పట్టిన మనిషిని 34 ప్రశ్నలూ అడగమని నేనైతే చెప్పను, సగం కాకముందే ఆయాసమొస్తుంది. అందులో మనం నేర్చుకోవాల్సింది జవాబులు పెట్టిన తీరు. ‘గత నెలలో ఈ విషయంలో సాయం అక్కర పడిందా?’ అంటే ఐదు జవాబులు. ఆ ఇబ్బందే నాకు లేదు. ఉండె, కానీ సాయం అందింది. మిగతా మూడూ ఇంకా తీరని అక్కరే: కొంచెం, ఓ మోస్తరు, చాలా.

మొదటి రెండూ ‘అక్కర లేదు’ కిందకే వస్తాయి. అయినా రెంటినీ కలిపి రాయకండి. మొదట్లో నేనట్లా కలిపే రాసేదాన్ని. రెండో జవాబొచ్చిన ఇంట్లో ఎవరో ఒకరు ఆ బరువు మోస్తున్నారన్నమాట. ఆ మనిషి రేపు పత్తి ఏరబోతే అక్కర మళ్లీ లేస్తుంది.

ఇప్పుడు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక పెద్దాయన సంగతి. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నుపూసలకు పాకింది. వేపచెట్టు కింద మంచంలో ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు.

‘నొప్పెట్లుంది పెద్దనాయనా?’

‘గట్లనే ఉన్నది బిడ్డా. ఈడ నీళ్లు తాగినోళ్లకు నడుము నొప్పి లేనిదెప్పుడు?’

‘మరి దానికేమన్న కావాల్నా?’

‘ఏమక్కర్లే.’

ఇక్కడ కాగితం మడిచారంటే పాఠం పోయినట్టే. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు పట్టేసిన మనుషులను చూస్తూ పెరిగిన ఊరది. అక్కడ ఎముక నొప్పిని ఎవరూ రోగం కింద లెక్కపెట్టరు. అందుకని కావాలా వద్దా అని కాదు, రోజు ఎట్లా గడుస్తుందో అడగాలి.

‘రాత్రి నిద్ర పడుతుందా?’

‘యాడిది? పండుకుంటే నడుముల కెల్లి కాళ్లలకు గుంజుతది. తెల్లారేదాంక కూసునే ఉంట.’

‘మాత్రలేసుకుంటలేవా?’

‘సగం సగం ఏస్కుంట. అయిపోతే పోరడు మళ్ల పట్నం పోవాలె. ఒకదినం కూలి పాయె గద.’

అక్కర దొరికింది. ‘నొప్పి: చాలా’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ‘మాత్రలు దగ్గర్లో దొరకాలి, కొడుకు కూలి పోవద్దని సగమే వేసుకుంటున్నాడు’ అని రాస్తే జిల్లా పాలియేటివ్ కేర్ (రోగి బాధ తగ్గించే వైద్యం) సెంటర్‌కు ఫోన్ చేసి, ఇళ్లకే వచ్చి చూసే ‘ఆలన’ బండి ఈ ఊరికెప్పుడొస్తుందో అడగొచ్చు. మాత్ర మోతాదు మీరు మార్చకండి, సగం వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చేర్చండి. ఆ మాత్ర మార్ఫిన్ (గట్టి నొప్పులకిచ్చే మందు) అయితే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా వేసుకుంటున్నారో లేదో చూడండి. అది లేకుంటే కడుపు పట్టేస్తుంది, ఆ బాధకు మార్ఫినే మానేస్తారు.

ఇట్లాంటి వాళ్లను ప్రతిసారీ కాళ్ల సంగతీ అడగండి. కాళ్లలో సత్తువ తగ్గినా, మొద్దుబారినా, మూత్రం ఆగినా, తెలియకుండా పోతున్నా, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు. ‘ఫ్లోరైడ్ నొప్పులే’ అని ఇంట్లోవాళ్లు ఆగిపోయేది ఇక్కడే.

ప్రశ్నావళిలో చివరిదైన ఆలుమగల సంగతి మొదటి రోజే ఎత్తొద్దు. ఎన్నడూ ఎత్తకుండా వదిలేయనూ వద్దు.

వచ్చేటప్పుడు కోడలు గేటు దాకా వచ్చింది. రోగి పక్కన చెప్పని మాటలు గేటు దగ్గరే వస్తాయి, చెప్పులేసుకునే తొందర పెట్టుకోకండి. ‘పెద్దాసుపత్రిల ఏం జెప్పిండ్రో నాకెవ్వరు చెప్పలే అక్కా, ఏం బెట్టాల్నో ఏం బెట్టొద్దో తెల్వది’ అంది. ఇది సమాచారం అక్కర, అదీ ఆమెది. రోగి కాగితంలో ఇరికించక, వేరే కాగితంలో ఆమె పేరునే రాసుకున్నా.

ఈ వారం అభ్యాసం: తెలిసిన ఒక్క ఇంటికే వెళ్లండి. ఒక్క ఇబ్బందే పట్టుకోండి, నిద్రో తిండో నడకో. ‘అక్కర్లేదు’ అన్న తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. వాళ్లన్న మాట వాళ్ల యాసలోనే రాయండి, దాని కింద ఐదింట్లో ఏ జవాబో గుర్తు పెట్టండి. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠంలో వాటిని ముందేసుకునే కూర్చుంటాం.