అల్లం బీరు పెట్టడం తేలికే, ఇంట్లో ఆపడమే కష్టం

అల్లం, పంచదార నీళ్లను పులియబెట్టి చేసే గ్యాసు పానీయం అల్లం బీరు. ఎండాకాలం నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో అది పాడయ్యేదాకా ఉండటం అరుదు. గ్యాసు పట్టకముందే సగం, ఫ్రిజ్‌లో చేరిన రాత్రే మిగతా సగం ఖాళీ. అందుకే చేసే పద్ధతి ఎంత ముఖ్యమో, కాపాడుకునే పద్ధతీ అంతే ముఖ్యం.

ముందు తోడు సిద్ధం చేసుకోవాలి. వెడల్పు మూతి గాజు సీసాలో పావు లీటరు నీళ్లు పోసి, రెండు చెంచాల అల్లం తురుము, రెండు చెంచాల పంచదార కలపాలి. అల్లాన్ని మట్టి పోయేలా కడిగితే చాలు, తొక్క తీయకూడదు. పులిపించే ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. మూతికి పలచటి గుడ్డ కట్టి, రోజూ అంతే అల్లం, అంతే పంచదార వేసి కలుపుతూ పోతే మన వేడికి మూడు నాలుగు రోజుల్లో బుడగలు తేలతాయి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపటమంటుంది. బూజు కడితే మొత్తం పారబోయాలి, పైది తీసేసి వాడకూడదు.

కొళాయి నీళ్లలోని క్లోరిన్ ఈస్టును చంపుతుంది కాబట్టి కాచి చల్లార్చాలి. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లను మాత్రం కాచినా ఫ్లోరైడ్ పోదు. అక్కడ తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లే దీనికీ వాడాలి.

రెండు లీటర్ల బీరుకు 100 గ్రాముల అల్లం దంచి లీటరు నీళ్లలో పావుగంట మరిగించాలి. 200 గ్రాముల పంచదార కరిగించి, కాచి చల్లార్చిన ఇంకో లీటరు నీళ్లు కలిపి, పూర్తిగా చల్లారాక వడకట్టాలి. మూడు నిమ్మకాయల రసం, 100 మిల్లీలీటర్ల తోడు తేట అప్పుడే పోయాలి. వేడి మీద పోస్తే ఈస్టు చచ్చి, మిగిలేది అల్లం పానకమే. పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయ చవగ్గా ఉన్నప్పుడు నాలుగో కాయ పిండినా బాగుంటుంది. పంచదారకు బదులు తాటిబెల్లం వేస్తే వాసన ఇంకా బాగుంటుంది, కాకపోతే నలక లేకుండా పలచటి గుడ్డలో వడకట్టుకోవాలి.

సీసాల దగ్గర మాత్రం రాజీ వద్దు. సోడా, కూల్‌డ్రింకు వచ్చే ప్లాస్టిక్ సీసాలే వాడాలి. నీళ్ల సీసాలు ఆ ఒత్తిడి కోసం చేసినవి కావు. లీటరుకు మనం వేసిన పంచదార 100 గ్రాములు. కూల్‌డ్రింకంత గ్యాసు రావడానికి అందులో 15 గ్రాములు పులిస్తే చాలు, ఆల్కహాల్ కూడా సుమారు ఒక శాతం దగ్గరే ఆగుతుంది. బయటే వదిలేస్తే మిగతా 85 గ్రాములూ పులుస్తూ పోతాయి. గాజు సీసా అయితే పేలి ముక్కలు ముఖాన పడతాయి. ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం కాయడం నేరం. కాబట్టి దీన్ని ఎక్కువగా పులియనివ్వడం అన్ని విధాలా తప్పే. పిల్లలకు, గర్భిణులకు తోడు కలపని అల్లం నీళ్లలో సోడా పోసి ఇవ్వండి.

సీసా మెడ దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించాలి. 35 డిగ్రీల గదిలో పన్నెండో గంట నుంచే సీసాను వేళ్లతో నొక్కి చూస్తుండాలి. లొట్టపోకుండా గట్టిగా తగిలితే ఫ్రిజ్‌లోకి. చాలాసార్లు ఒక్క రోజు కూడా పట్టదు.

ఇక మాయమయ్యే సంగతి. మొదటి కారణం "వచ్చిందా లేదా చూద్దాం" అని మూత తీయడం. తీసినప్పుడల్లా గ్యాసు పోతుంది, చూసినవాళ్లు ఒక గుక్క తాగకుండా మూత పెట్టరు. పావు లీటరు సీసా ఒకటి రుచి చూసేందుకని పక్కన పెట్టేస్తే మిగతావాటి జోలికి రారు. రెండోది పొంగు. చల్లబడని సీసా తెరిస్తే సగం నేలపాలవుతుంది. చల్లటి నీళ్లలోనే గ్యాసు బాగా ఇముడుతుంది, అందుకే ఫ్రిజ్‌లో కనీసం ఒక రోజు పడుకోబెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద కారణం పెద్ద సీసా. రెండు లీటర్ల సీసా తెరిస్తే "గ్యాసు పోతుందిరా, కానిచ్చేయండి" అంటూ ఉన్న నలుగురే పూట తిరక్కుండా తాగేస్తారు. అదే బీరును 250 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే ఎనిమిది వస్తాయి, తెరిచింది ఒక్కటే అయిపోతుంది. మూత మీద తేదీ రాసి, కొత్తవి కూరగాయల అరలో గోంగూర కట్టల కింద, పాతవి ముందు వరసలో ఉంచండి. రోజు విడిచి రోజు లీటరు చొప్పున పెడుతుంటే చుట్టాలొచ్చినా తడుముకోనక్కర్లేదు.

తోడు సీసాకు మాత్రం పెద్ద అక్షరాలతో చీటీ అంటించాలి. పాడైన నీళ్లనుకుని అత్తమ్మో పనిమనిషో పారబోస్తే మళ్లీ నాలుగు రోజుల పని. తీసిన ప్రతిసారీ తీసినన్ని నీళ్లు, చెంచా అల్లం, చెంచా పంచదార తిరిగి వేయాలి. వాడని వారాల్లో ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి వేస్తే సరిపోతుంది.

ఫ్రిజ్‌లోని సీసాలు పది రోజుల్లోపు వాడేయాలి. చాలాసేపు కరెంటు పోయిన రోజున లోపల మళ్లీ పులవడం మొదలవుతుంది. సీసాలు నొక్కి చూసి, రాయిలా ఉన్నవాటి మూత కొద్దికొద్దిగా తిప్పి గ్యాసు వదలండి. అవి దాచకుండా ఆ పూటే అందరికీ పోసేయండి.