ఒక్క అక్షరం దిద్దితే ఫైలంతా ఎర్రబడింది

శ్రీకాకుళం, విజయనగరం వైపు మాటలకు అర్థాలు చేర్చే చిన్న ఓపెన్‌సోర్స్ పదకోశాన్ని మేం నలుగురం చూసుకుంటున్నాం. ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుపుతున్నాం. మార్పులు పంపేది ఎక్కువగా ఇంజినీరింగ్ పిల్లలు. ఒక్కొక్కటీ ఒకటి రెండు లైన్లే ఉంటుంది. అయినా మా సాయంత్రాలు తినేసేవి అవే. మాకు మళ్లీ మళ్లీ ఎదురైన చిక్కులు ఇవి.

మార్చింది ఒక్క లైను, డిఫ్‌లో ఫైలు మొత్తం

పంపినవాడు ‘అన్నా, ఒక్క పొల్లే తీశాను’ అంటాడు. అబద్ధమేమీ కాదు. విండోస్‌లో కొన్ని ఎడిటర్లు లైను చివర రెండు గుర్తులు పెడతాయి, లినక్స్‌లో ఒకటే. సేవ్ చేయగానే అన్ని లైన్ల తోకలూ మారిపోతాయి. అందుకే పాతకూ కొత్తకూ తేడా చూపే డిఫ్‌లో ఫైలంతా మారినట్టు కనబడుతుంది.

రివ్యూ చేసేటప్పుడు వైట్‌స్పేస్ దాచే ఆప్షన్ నొక్కితే అసలు మార్పు బయటపడుతుంది. కానీ అలాగే మెర్జ్ చేయకండి (అసలు కోశంలో కలపకండి), రేపు ఏ లైను ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనుకూ ఆ కుర్రాడి పేరే వస్తుంది. మేం రిపోజిటరీలో గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, అన్ని ఫైళ్లకూ టెక్స్ట్=ఆటో అని రాశాం. లైను తోకలను ఒకే తీరుకు తెచ్చే గిట్ యాడ్ --రీనార్మలైజ్ అతని చేత కొట్టించి, కమిట్‌ను (మెసేజ్‌తో భద్రపరిచిన మార్పును) అమెండ్ చేయిస్తే, అంటే సవరింపజేస్తే, డిఫ్ ఒక్క లైనుకు దిగింది.

పాత లైనూ కొత్త లైనూ ఒకేలా ఉన్నాయి

కళ్లద్దాలు తుడుచుకోనక్కర్లేదు. తెలుగు టైప్ చేసే కొన్ని పరికరాలు పొల్లు తర్వాత, మాట చివర కూడా, కనబడని గుర్తు ఒకటి వదులుతాయి. దాని యూనికోడ్ సంఖ్య 200సి. మాట మధ్యలో దానికి పని ఉంది: ‘సాఫ్ట్‌వేర్’లో వ ఒత్తుగా మారకుండా ఆపేది అదే. మాట చివర మాత్రం దండగ. పైగా వెతికితే మాట దొరకదు. టెర్మినల్‌లో గిట్ డిఫ్ చూస్తే సాధారణంగా ఆ సంఖ్య బయటపడుతుంది. చివరున్నవి తీసేయండి, మధ్యలోవి ముట్టుకోకండి.

ఫైలు పేరు తెలుగులో ఉంటే గిట్ స్టేటస్‌లో అక్షరాల బదులు 340, 260 అంటూ అంకెలు వస్తాయి. గిట్ సెట్టింగుల్లో కోర్.కోట్‌పాత్‌ను ఫాల్స్ చేస్తే సరి.

మెసేజ్ పొట్టిగానే ఉంది, హుక్ ఒప్పుకోవట్లేదు

కమిట్ మెసేజ్ మొదటి లైను 50 అక్షరాలు దాటకూడదని, తర్వాత ఒక ఖాళీ లైను వదిలి వివరం రాయమని గిట్ డాక్యుమెంటేషన్ సలహా. మా హుక్ (కమిట్ చేసేటప్పుడు దానంతటదే నడిచే తనిఖీ స్క్రిప్ట్) దాన్ని బైట్లలో లెక్కపెట్టేది. ‘శ్రీకాకుళం’ కంటికి నాలుగక్షరాలు, యూనికోడ్‌లో 10 గుర్తులు, కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 రూపంలో 30 బైట్లు. అంటే ఊరి పేరు రాసేసరికే సగం కోటా పైన అయిపోయింది! హుక్‌లో లెక్కపెట్టే కమాండ్ డబ్ల్యూసీకి -సి బదులు -ఎం ఇస్తే గుర్తులు లెక్కపెడుతుంది. మేం ఆ పని చేసి, హద్దు కూడా 70కి పెంచాం.

ఇంకో మాట. ఇంగ్లిష్‌లో మొదటి లైను ఆజ్ఞాపించినట్టు రాయడం ఆనవాయితీ. తెలుగులో ‘దిద్దు’, ‘చేర్చు’ అని రాస్తే బుగత (పొలమున్న ఆసామి) పాలేరుకు పని చెప్పినట్టుంది. మేం ‘దిద్దుబాటు’, ‘చేర్పు’ అని రాస్తున్నాం.

మెసేజ్‌లో ‘అప్‌డేట్’ తప్ప ఏమీ లేదు

బుగత అనే మాటకే ఈ గొడవ జరిగింది. ఎవరో అర్థం మార్చి ‘అప్‌డేట్’ అని కమిట్ చేశారు. కొన్నాళ్లకు ఇంకొకరు పాత అర్థమే తిరిగి పెట్టారు, మెసేజ్ మళ్లీ ‘అప్‌డేట్’. ఎవరిది ఒప్పో తేల్చడానికి చరిత్రలో ఏమీ లేదు. ఏం మారిందో డిఫ్ చెబుతుంది, ఎందుకో మనిషే చెప్పాలి. చివరికి ఇలా రాయించాం:

బుగత: అర్థం దిద్దుబాటు

‘ధనవంతుడు’ అని ఉంది. మా ఊళ్లో డబ్బున్న షావుకారును బుగత అనరు. పొలం ఉండి, పాలేళ్లను పెట్టుకున్నవాడినే అంటారు.

చివరి కమిట్ అయితే గిట్ కమిట్ --అమెండ్ చాలు. వెనకటిదైతే పాత కమిట్లను తిరగరాసే రీబేస్ -ఐలో రీవర్డ్ ఎంచుకోవాలి. తర్వాత మామూలుగా పుష్ చేస్తే సర్వర్ తిరగ్గొడుతుంది, ఎందుకంటే కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) మారిపోయింది. సొంత బ్రాంచ్‌లో --ఫోర్స్-విత్-లీజ్ వాడమనండి. ఒట్టి ఫోర్స్ అయితే ఈలోగా వేరేవాళ్లు పెట్టినది తుడిచిపెట్టే ప్రమాదం ఉంది.

పంపినవాడు మళ్లీ కనబడలేదు

దీనికి కారణం నేనే. విజయనగరం నుంచి సెకండియర్ కుర్రాడొకడు ‘పైడితల్లి’ స్పెల్లింగ్ దిద్ది పంపాడు. ఖాళీ లైను లేదని ఒకటి, ఫుల్‌స్టాప్ ఎందుకని ఒకటి, అలా ఆరు కామెంట్లు పెట్టాను. సిరిమాను పండగ వెళ్లి నెల గడిచినా జవాబు లేదు.

అతని కమిట్‌ను చెర్రీ-పిక్‌తో (ఒక్క కమిట్‌నే ఎత్తి తెచ్చే కమాండ్) తెచ్చుకుని, మెసేజ్ నేనే సరిచేశాను. అలా తెస్తే రచయితగా అతని పేరే ఉంటుంది. రెండు నిమిషాల పని. అర్థం తప్పయితేనే ఇప్పుడు వెనక్కి పంపుతున్నాం. ఫుల్‌స్టాప్‌లు మేమే తీసేసుకుంటున్నాం.