టేబుల్ మీద ఆడే బైప్లేన్ కిట్: స్ట్రట్లు విరగకుండా బిగించడం

షోకేసులో పెట్టే మోడల్‌కీ ఆటలో వాడే మోడల్‌కీ అసలు తేడా స్ట్రట్ల దగ్గరే ఉంది. ఆటలో ప్రతిసారీ విమానాన్ని రెక్కలు పట్టుకునే లేపుతారు. ఆ బలమంతా పై రెక్కనీ కింది రెక్కనీ కలిపే సన్నటి ప్లాస్టిక్ పుల్లలు, అంటే స్ట్రట్ల మీద పడుతుంది. చవక కిట్లలో ముందుగా విరిగేవి అవే. అందుకే మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం సాప్‌విత్ క్యామెల్ 1/72 (అసలు దానిలో 72వ వంతు) కిట్‌ని ఉదాహరణగా తీసుకుని, ఆ పని గురించే ఎక్కువ చెబుతున్నాం. ఈ స్కేల్‌లో రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 118 మి.మీ. ఉంటుంది.

ముందు భాగాలన్నీ ఫ్రేమ్‌తో సహా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నూనె ఉండిపోతే రంగు పొరలుగా లేచిపోతుంది.

బాడీ రెండు సగాలూ అతికించకముందే, విమానాన్ని స్టాండు మీద నిలిపే అయస్కాంతం పెట్టేయాలి. 3 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్నది చాలు. భాగాలన్నీ టేపుతో తాత్కాలికంగా కలిపి, పెన్సిల్ మీద నిలబెట్టి, విమానం ఎటూ ఒరగని చోటు గుర్తించండి. అక్కడే పొట్ట లోపల ఎపాక్సీ జిగురుతో అంటించండి. సూపర్ గ్లూ ఒక్క దెబ్బకే ఊడుతుంది. అన్ని విమానాలకీ ఒకే ధ్రువం కిందికి ఉండాలి, లేకపోతే సగం విమానాలు స్టాండు మీద నిలవవు.

ఇప్పుడు స్ట్రట్లు. క్యామెల్‌కి రెక్కల మధ్య బయటి వైపు నాలుగు, బాడీ మీద నాలుగు ఉంటాయి. బాడీ మీదివి పొట్టివి కాబట్టి కిట్‌లోవే వాడొచ్చు. బయటి నాలుగింటినీ 0.8 మి.మీ. ఇత్తడి తీగతో మార్చేయండి. కిట్ స్ట్రట్‌ని కొలిచి, దానికి 2 మి.మీ. కలిపి తీగ కత్తిరించండి. ఆ అదనపు పొడవు రెండు రెక్కల్లోకీ చెరో మిల్లీమీటరు దిగడానికి. చేతి డ్రిల్‌తో రెక్కల్లో స్ట్రట్లు దిగే గుంటల మధ్యలో రంధ్రం వేసేటప్పుడు, బిట్‌కి 1 మి.మీ. దగ్గర టేపు చుట్టుకోండి. రెక్క పల్చనిది, టేపు లేకపోతే బిట్ అవతలికి పొడుచుకు వస్తుంది.

పై రెక్క బిగించకముందే రంగులు పూర్తి చేయాలి. తర్వాత రెక్కల మధ్యకి బ్రష్ వెళ్లదు. అయితే బాడీ స్ట్రట్లు దిగే గుంటల్లో రంగు గీకేయండి, ప్లాస్టిక్ జిగురు రంగు మీద పట్టదు. తీగకి మాత్రం సూపర్ గ్లూ కావాలి. గుండుసూది మొనతో చుక్క పెడితే చాలు, ఎక్కువైతే దాని ఆవిరి రంగు మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది.

క్యామెల్ పై రెక్క చదునుగా ఉంటుంది, కింది రెక్క మాత్రం 5 డిగ్రీలు పైకి వంగి ఉంటుంది. రెండూ సమాంతరమనుకుని బిగిస్తే స్ట్రట్లు అందవు. ఆ చదునే మనకి పనికొస్తుంది: పై రెక్కని టేబుల్ మీద బోర్లా పెట్టి, తీగలు నిలబెట్టి, బాడీని తలకిందులుగా దాని మీదికి దించండి. ప్రతి రెక్క చివర నుంచి తోక దాకా కొలవండి, రెండు వైపులా ఒకటే రావాలి. తేడా ఉంటే జిగురు పట్టకముందే సరిచేసి, ఒక రాత్రి అలాగే వదిలేయండి.

రిగ్గింగ్ (అసలు విమానంలో రెక్కల మధ్య బిగించి కట్టే సన్న తీగలు) వదిలేసినా ఆటలో లోటనిపించదు. తప్పదనుకుంటే సాగే దారమే వాడండి. వేడి చేసి లాగిన ప్లాస్టిక్ పోగు వేలు తగిలితే తెగుతుంది.

డెకాల్స్ (విమానం మీద అంటించే గుర్తుల పల్చటి బొమ్మలు) కింద మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. బ్రిటిష్ వృత్తంలో ఎరుపు మధ్యలో, నీలం బయట. ఫ్రెంచ్ వాళ్లది తారుమారు. జర్మన్ విమానాలకి 1918 వసంతం నుంచి తిన్నటి అంచుల శిలువ వచ్చింది కాబట్టి, 1917 నాటి పోరాటం ఆడేవాళ్లు పాత వంపు శిలువే అంటించాలి. డెకాల్స్ ఆరాక మెరుపు లేని మ్యాట్ వార్నిష్ రెండు పూతలు వేసి, చివరగా ప్రొపెల్లర్ బదులు అదే వ్యాసంలో పారదర్శక ప్లాస్టిక్ బిళ్ల అంటించండి.