దసరా సెలవులకి థాయ్‌లాండ్‌లోని కాంచనబురి వెళ్తున్నారా? స్కూటీ తాళం చేతిలోకి తీసుకునే ముందు ఇది చదవండి

పోయిన నెల మా ఆఫీసు కుర్రాడొకడు ఎరావన్ వాటర్‌ఫాల్స్ చూసి తిరిగొస్తూ తడిసిన మలుపులో స్కూటీ జారి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, అక్కడే ఆపరేషన్ చేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది, అయినా పైసా రాలేదు, ఎందుకంటే వాడి దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేదు. వాళ్ళమ్మ బంగారం తాకట్టు పెట్టి డబ్బులు పంపింది. ఇలా ఇరుక్కున్న మనవాళ్ళని చూడటం నాకిది మూడోసారి.

ముందు బండి సంగతి. ఊళ్ళో అద్దె షాపువాళ్ళు లైసెన్స్ అడగరు, డబ్బులు తీసుకుని తాళం ఇచ్చేస్తారు, దాంతో మనోళ్ళు ఏం పర్లేదులే అనుకుంటారు. షాపువాడు ఇచ్చాడంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు. పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది, కానీ మీ ఇండియా లైసెన్స్‌లో కారు మాత్రమే ఉంటే పర్మిట్‌లో బైక్ రాదు, కారు పర్మిట్‌తో స్కూటీ నడిపి పడితే అసలు పర్మిట్ లేనట్టే లెక్క. బైక్ క్లాస్ ఉందో లేదో ఇవాళే తీసి చూసుకోండి. పాలసీ కాగితంలో టూవీలర్ గురించి ఏం రాశారో కూడా చదవండి. పాస్‌పోర్ట్ మాత్రం షాపులో తాకట్టు పెట్టొద్దు, బండికి గీత పడితే వాడు చెప్పిందే రేటు అవుతుంది.

పర్మిట్ లేదా? ఎరావన్ 65 కిలోమీటర్లు, ఊళ్ళో బస్టాండ్ నుంచి బస్సు ఉంది, ఎక్కండి.

నీళ్ళ దగ్గర: సెప్టెంబర్, అక్టోబర్ అక్కడ గట్టి వానల టైమ్. ఎరావన్‌లో ఏడు అంచెలుంటాయి, వాన ఎక్కువైతే పై అంచెలు మూసేస్తారు, తాడు దాటి వెళ్ళొద్దు. మీరున్న చోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడుతుండొచ్చు, పచ్చగా ఉన్న నీళ్ళు మట్టి రంగుకి తిరిగితే ఫోటో కోసం ఆగకుండా బయటికి వచ్చేయండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈతొచ్చినా సరే.

రైలు: క్వై నది బ్రిడ్జి మీద ఇప్పటికీ రైళ్ళు నడుస్తాయి. హారన్ వినగానే పక్కనున్న ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్ళి నిలబడాలి. అదే రైలు దారిలో థామ్ క్రాసే అనే చోట పట్టాలు కొండని ఆనుకుని చెక్క వంతెన మీద పోతాయి, అక్కడ కిటికీలోంచి తల, ఫోన్ బయట పెట్టొద్దు.

ఇంకా,

కోతులున్న చోట తినేవి బయటికి తీయొద్దు.

ఈ-సిగరెట్ తీసుకెళ్ళొద్దు, థాయ్‌లాండ్‌లో నిషేధం.

హెల్‌ఫైర్ పాస్‌కి (కొండని తొలిచి వేసిన పాత రైలు దారి) చెప్పులతో వెళ్ళొద్దు, మెట్లు, రాళ్ళు.

దోమల క్రీమ్ పెట్టుకోండి, డెంగ్యూ ఉంది.

1155 టూరిస్ట్ పోలీస్, 1669 అంబులెన్స్, ఇప్పుడే సేవ్ చేసుకోండి.

వార్ సిమెటరీలో రీల్స్ చేయొద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1942, 43లో ఇక్కడి 415 కిలోమీటర్ల రైలు లైన్ వేయించింది, అది వేస్తూ చచ్చిపోయింది ఈ సిమెటరీలో ఉన్న తెల్ల యుద్ధ ఖైదీలే కాదు, మలయా (ఇప్పటి మలేషియా) తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళ, తెలుగు కూలీలు కూడా. ఆ కూలీలకి ఇక్కడున్నట్టు పేరు రాసిన సమాధి రాయి కూడా లేదు.

తాగి బండెక్కొద్దు.

హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్ళకి కూడా.

చీకటి పడ్డాక ఎరావన్ రోడ్డులో స్కూటీ వద్దు.

పర్మిట్ లేకపోతే పగలు కూడా వద్దు. ఐదు కిలోమీటర్లకి కూడా వద్దు.