ఐయారిక్ నేర్చుకుందాం, 3వ పాఠం: ‘ఐ అండ్ ఐ’ దగ్గర ఆగుదాం

ఐయారిక్ అంటే జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతం వాళ్లు ఇంగ్లీషు మాటల్ని తమకు తగ్గట్టు మార్చుకుని మాట్లాడే భాష. ఈసారి ‘లివిటీ’ (వాళ్ల జీవన విధానం) గురించి చెబుదామనుకున్నాను, కానీ పోయిన పాఠానికి మీరు రాసి పంపిన జవాబులు చూశాక దాన్ని వెనక్కి జరపక తప్పలేదు. చాలామంది కనిపించిన ప్రతి మాటకీ ముందు ‘ఐ’ (ఇంగ్లీషులో ‘నేను’) తగిలించేశారు. ‘ఐబస్’, ‘ఐటేబుల్’ లాంటివి రాస్తాఫారీలు అనరు. యూనిటీ ‘ఐనిటీ’ అయింది, వైటల్ ‘ఐటల్’ అయింది, ఎందుకంటే అవి వాళ్లు పవిత్రంగా చూసుకునే సంగతులు. ఐటల్ అంటే వాళ్ల తిండి నియమం: మాంసం ఉండదు, నిష్ఠగా ఉండేవాళ్లయితే ఉప్పు కూడా వేసుకోరు.

మిగతా మార్పులన్నీ చెవితో పట్టుకోవాలి. డెడికేట్‌లో ‘డెడ్’ వినిపిస్తుంది కాబట్టి ‘లివ్’ పెట్టి లివికేట్. అప్రెస్‌లో ‘అప్’ వినిపిస్తుంది, తొక్కేవాడు ఎవరినీ పైకి లేపడు కాబట్టి డౌన్‌ప్రెస్. విషయం తెలిసినవాడు దాని కింద నిలబడడు కాబట్టి అండర్‌స్టాండ్ బదులు ఓవర్‌స్టాండ్. లాటిన్ మూలం అది కాదు కదా అని కొందరు రాశారు. ఇక్కడ లాటిన్‌తో పని లేదు, నోట్లోంచి వచ్చే శబ్దానికి శక్తి ఉందన్నది వాళ్ల నమ్మకం. నేనైతే పదాల పట్టిక బట్టీ పట్టమని ఎప్పుడూ చెప్పను, పైకి చదివి వినండి, చాలు.

ఇక అసలు చిక్కు. ‘ఐ అండ్ ఐ’ అంటే ‘మనం’ అని కొందరు, ‘అహం బ్రహ్మాస్మి’ అని ఇంకొందరు రాశారు. ఈ రెండో జవాబు నన్ను బాగా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే తెలిసిన మాట దొరగ్గానే మనం వినడం ఆపేస్తాం. జమైకా 1655 నుంచి 1962 దాకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. చెరకు తోటల్లో ఆఫ్రికన్ బానిసల మీద పడ్డ భాష ఇంగ్లీషు. అక్కడి పాట్వాలో, అంటే ఇంగ్లీషు నుంచి పుట్టిన జమైకా జనం భాషలో, ‘నేను’ అన్నా ‘నన్ను’ అన్నా ఇంగ్లీషు ‘మీ’ అనే ఒక్క మాటే. రాస్తాలకు ఆ ‘మీ’లో ఎవరో ఏదో చేస్తే పడి ఉండే మనిషి వినిపించాడు. అందుకే ‘నన్ను’, ‘నాకు’ అనాల్సిన చోట కూడా ‘ఐ’ అనే అంటారు. మనకిది చప్పున తట్టదు. ‘నాకు తెలుసు’, ‘నాకు ఇష్టం’ అనే భాష మనది, ‘నాకు’ అనడంలో తక్కువతనం ఏమీ లేదు.

ఆ రెండో ‘ఐ’ నిర్గుణ బ్రహ్మం కాదు. 1930 నవంబర్ 2న అడిస్ అబాబాలో పట్టాభిషేకం జరిగిన ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీలో వాళ్లు దేవుణ్ని, అంటే ‘జా’ను చూశారు. ఆయన పేరు చివర ‘మొదటి’ అని సూచించే రోమన్ అంకెను కూడా ‘ఐ’ అనే చదువుతారు. నాలో జా ఉన్నాడు, నీలోనూ ఉన్నాడు, అలాంటప్పుడు ‘నువ్వు’ అని నిన్ను వేరుగా ఎలా నిలబెట్టను? అందుకే ఎదుటి మనిషిని ‘ది ఐ’ అంటారు. ‘మనం’ అంటే ఇద్దర్ని లెక్కపెట్టి కలిపినట్టుంటుంది, ఇక్కడ ఆ లెక్కే లేదు.

దీని వెనక పడ్డ దెబ్బల్ని పక్కన పెట్టి వేదాంతం ఒక్కటే తీసుకుంటే భాష సగం పోయినట్టే. రాస్తాఫారీ తొలి నాయకుల్లో ఒకడైన లెనార్డ్ హోవెల్ జమైకాలో కట్టుకున్న పినకిల్ ఊరిని పోలీసులు 1954లో నాశనం చేశారు. 1963లో జమైకాలోని కోరల్ గార్డెన్స్ దగ్గర రాస్తాలకు, పోలీసులకు జరిగిన ఘర్షణ తర్వాత రాస్తాలను పట్టుకుని కొట్టారు, జడలు కత్తిరించారు. దానికి జమైకా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. వాళ్లు పోలీసును ‘బాబిలోన్’ అన్నప్పుడు అది బైబిల్ పోలిక ఒక్కటే కాదు, ఒంటి మీద పడ్డ లాఠీ కూడా.

అభ్యాసం: ఈ మూడూ పైకి చదివి తెలుగులో రాయండి, ‘మనం’, ‘మేము’ వాడకూడదు.
‘జా గైడ్ ఐ అండ్ ఐ.’
‘బాబిలోన్ డౌన్‌ప్రెస్ ఐ అండ్ ఐ.’
‘హౌ ఈజ్ ది ఐ?’
రెండోదాంట్లో ‘ఐ’ ఉన్న చోట ‘మీ’ పెట్టి ఇంకోసారి చదవండి, ఏం మారిందో కనీసం ఒక పేజీ రాయండి. రెండు లైన్లు రాసి పంపితే తిప్పి పంపిస్తాను. లివిటీ వచ్చేసారి.