ఖాళీ బోటును చూసి అడ్వాన్సు ఇవ్వకండి

మొన్న మా ఘాట్‌లో ఎక్కినవారంతా సెల్ఫీ కోసం ఒకే పక్కకు చేరడంతో ఒక బోటు ఒరిగి నీళ్లు తోడుకుంది. ఒడ్డు చేతికందే దూరంలో ఉండబట్టి బతికిపోయారు. 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం నాడు, విజయవాడ దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం వద్ద బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. మళ్లీ కార్తికం వస్తోంది. భవానీ ద్వీపానికి జనాన్ని తిప్పుదామని బోటు బేరమాడుతున్నవారికే ఈ మాటలు. లైఫ్ జాకెట్లు ఉండాలని ఎవరూ చెప్పనక్కరలేదు.

పొడవు ఒకటే అయిన రెండు బోట్లు. ఒకదాని అడుగు చదును, రెండోదానిది 'వి' ఆకారం. ఘాట్‌లో కట్టి ఉండగా ఎక్కి చూస్తే 'వి' అడుగు బోటు ఊగుతుంది, చదును బోటు కదలదు. అంతే, "ఇదే భద్రం" అని డబ్బు కట్టేస్తారు. ముంచే పొరపాటు ఇదే. చదును బోటు మొదట్లో గట్టిగా నిలబడుతుంది నిజమే. కానీ అంచు నీళ్లలో మునిగిందంటే మళ్లీ లేవదు, ముందు హెచ్చరించదు. లోపలికి చేరిన నీరు చదును అడుగు మీద పరుచుకుని ఒరిగిన పక్కకే పరుగెడుతుంది. 'వి' అడుగులో అది నడుమ గాడిలోకి దిగుతుంది, పంపుకు అందుతుంది.

అలాగని 'వి' బోటే కొనమనడం లేదు. దానికి లోతు కావాలి, ఇంజన్ పెద్దది కావాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇసుక మేటలున్న చోట చదును బోటే నయం. గాలికి అలలు లేస్తే మాత్రం అది దబదబా కొట్టుకుంటుంది, జనం బెదిరి లేచి నిలబడతారు.

కాబట్టి ఖాళీ బోటును చూసి తేల్చకండి. మనిషికి 75 కిలోల లెక్కన ఇసుక బస్తాలు ఎక్కించండి. అడుగున పేర్చకండి, సీట్ల మీద పెట్టండి. మనుషుల బరువు ఉండేది అక్కడే. అడుగున పెడితే ఏ బోటైనా బుద్ధిగానే ఉంటుంది. తర్వాత మూడో వంతు బస్తాలను ఒక పక్కకు జరిపి, నీటికీ అంచుకూ మధ్య ఎంత మిగిలిందో స్కేలుతో కొలవండి. ఈ పని ఒడ్డు పక్కనే చేయండి, లోపల మనుషులు ఉండకూడదు.

కొన్నాక పైన కప్పు వేయించకండి. సీట్లు పెంచకండి. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 ప్రకారం సర్వే (బోటు తనిఖీ), రిజిస్ట్రేషన్ కానిదే జనాన్ని ఎక్కించకండి. నీళ్లలో తిరిగి బోటును నడిపే ఫ్యానుకు గుర్రపుడెక్క చుట్టుకుంటే ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టండి. వరద రోజుల్లో బోటును ఒక్క తాడుకు వదిలేయకండి. 2024 సెప్టెంబరులో కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్లను (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) ఢీకొట్టి దెబ్బతీశాయి. గేట్లు ఎత్తిన రోజు బోటు తీయకండి. సరంగు (బోటు నడిపేవాడు) వద్దన్నాడంటే వద్దు. ఖాళీ బోటును చూసి మాత్రం కొనకండి. అమ్మేవారు బస్తాల పరీక్షకు ఒప్పుకోకపోతే బేరం వదిలేసి వచ్చేయండి.